నిర్మాణయోగ్యమైన నేల ఎంత? హైదరాబాదు నగర ప్రణాళికలో భూలభ్యత అంచనాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక నగరంలో ఇళ్లు కట్టడానికి వీలైన నేల ఎంత ఉన్నది అనే ప్రశ్న పైకి కొలతలకు సంబంధించినదిగా కనిపిస్తుంది. హైదరాబాదు చరిత్రను పరిశీలిస్తే అది మొదట నిర్వచనానికి సంబంధించిన ప్రశ్న అని తెలుస్తుంది. 1908 నాటి మూసీ వరద, నిజాం కాలపు రెవెన్యూ రికార్డుల పరిభాష, 1976 నాటి పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం, 1996 నాటి జి.ఓ. 111, 2000 తరువాతి వరదలు అనే ఐదు ఘట్టాల ఆధారంగా, 'నిర్మాణయోగ్య భూమి' అనే భావన ఈ నగరంలో ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది. నేలను కూడే లెక్కలో శ్రద్ధ చూపిన పాలనా వ్యవస్థలు నీటిని తీసివేసే లెక్కలో అంత శ్రద్ధ చూపలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: నిర్మాణయోగ్య భూమి, శిఖం, పోట్ ఖరాబు, భూగరిష్ఠ పరిమితి, జి.ఓ. 111, మూసీ, పూర్తి నీటిమట్టం

1. ఉపోద్ఘాతం

నగర ప్రణాళికలో ప్రతి బృహత్ ప్రణాళికకూ ముందు ఒక గణన ఉంటుంది. రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లలో జనాభా ఎంత పెరుగుతుంది, వారికి ఎన్ని ఇళ్లు కావాలి, ఆ ఇళ్లకు నేల ఎక్కడ దొరుకుతుంది అన్నవి అందులోని మూడు మెట్లు. మొదటి రెండింటిపై జనాభా శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు విస్తారంగా చర్చించారు. మూడవ మెట్టును మాత్రం సర్వే విభాగం చేయవలసిన యాంత్రికమైన పనిగా భావించడం పరిపాటి. భూమి కళ్లెదుట ఉన్న వస్తువు కనుక దాని పరిమాణంలో వివాదానికి తావులేదన్న నమ్మకం ఇందుకు కారణం.

ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి హైదరాబాదు తగిన ఉదాహరణ. 1591లో మూసీ దక్షిణ తీరాన వెలసిన ఈ నగరం గుట్టలు, బండరాళ్లు, చెరువులు, వాటిని కలిపే కాలువల మధ్య పెరిగింది. ఇక్కడి భూమికి దేశంలోని ఇతర నగరాలకు లేని ఒక లిఖిత చరిత్ర కూడా ఉంది. అసఫ్‌జాహీల కాలపు ఫార్సీ, ఉర్దూ రెవెన్యూ పదజాలం, తెలుగు వ్యవహారంలోని స్థలవాచకాలు, స్వాతంత్ర్యానంతర చట్టాల ఆంగ్ల పరిభాష ఒకే సర్వే నంబరు మీద పొరలు పొరలుగా పేరుకొన్నాయి. కాబట్టి ఈ విషయం ఇంజనీర్లతోపాటు భాషా సాహిత్య పరిశోధకులూ పరిశీలించదగినది.

2. లెక్క కట్టే విధానం

నిర్మాణయోగ్య భూమి అంచనా ప్రధానంగా తీసివేతల లెక్క. మొత్తం విస్తీర్ణాన్ని స్థూల భూమి అంటే, అందులోనుంచి జలాశయాలు, వరద ముంపు ప్రాంతాలు, నిటారైన వాలులు, అడవులు, రక్షణ శాఖ భూములు తీసివేయాలి. మిగిలినదానిలో రహదారులకు, పాఠశాలలకు, ఉద్యానాలకు పోయే భాగాన్ని మళ్లీ తీసివేయాలి. అప్పుడు మిగిలేది నికర భూమి. హక్కు వివాదాల వల్ల గాని, యజమాని అమ్మడానికి ఇష్టపడకపోవడం వల్ల గాని అందుబాటులోకి రాని భూమిని కూడా వేరుచేస్తే అసలు లభ్యత తేలుతుంది.

ఈ లెక్కను చట్టబద్ధం చేసిన ప్రాంతాలలో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం ప్రసిద్ధమైనది. 1973లో అక్కడ వచ్చిన భూవినియోగ చట్టం ప్రతి నగరమూ తన వృద్ధికి ఒక హద్దు గీసుకోవాలని శాసించింది. ఆ హద్దులోపల ఇరవై ఏళ్ల గృహావసరాలకు సరిపడే నేల ఉన్నదని చూపించే పట్టికను నగరాలు తయారుచేయవలసి వచ్చింది. 25 శాతం, అంతకు మించిన వాలు గల నేలను, వందేళ్లకొకసారి వచ్చే వరదలో మునిగే నేలను సాధారణంగా ఆ పట్టికనుంచి మినహాయించవచ్చునని అక్కడి నియమాలు చెబుతాయి. ఇక్కడ గమనించవలసింది క్రమాన్ని. ఏది కట్టదగినది కాదో ముందే బహిరంగంగా తేల్చి, ఆ తరువాత మిగిలినదాన్ని లెక్కించడం ఆ పద్ధతి. హైదరాబాదులో ఈ క్రమం ఒకసారి మొదలై, తరువాత తారుమారైంది.

3. వరద నేర్పిన విభజన

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కారణాలను నగరంలో మాత్రమే వెదకలేదు. నది పరీవాహక ప్రాంతం మొత్తాన్ని పరిశీలించారు. ఆ ప్రాంతంలోని 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడినట్లు ఆయన నమోదు చేశారు. అంటే నగరంలోని నేల భద్రత నగరానికి ఎన్నో మైళ్ల ఎగువన ఉన్న చెరువు కట్టల మీద ఆధారపడి ఉన్నదని ఆ పరిశీలన తేల్చింది.

ఆయన సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాల నిర్మాణం జరిగింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నేడు వీటిని మంచినీటి చెరువులుగానే ఎక్కువమంది గుర్తుంచుకొన్నారు. వాటి ప్రథమోద్దేశం వరదను ఆపడం. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇళ్లు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం, పత్తర్‌గట్టీ వంటి వ్యాపార వీథులను పునర్నిర్మించడం చేపట్టింది. నదీతీరాన్ని సాధారణ నివాసాలకు వదలకుండా ప్రజాభవనాలకు, తోటలకు కేటాయించే ధోరణి కూడా ఈ కాలంలోనే కనిపిస్తుంది.

ఈ రెండు దశాబ్దాల కృషిలో ఒక సూత్రం అంతర్లీనంగా ఉంది. నీటికి ముందు చోటు చూపించి, తరువాత మనుషులకు నేల చూపించాలి. అయితే ఆ సూత్రం ఆనకట్టల రూపంలో నిలిచిందే తప్ప, నగరంలోని ప్రతి సర్వే నంబరుకూ వర్తించే భూవర్గీకరణగా మారలేదు. ఆ వర్గీకరణ అప్పటికే మరొక శాఖ చేతిలో, మరొక ప్రయోజనం కోసం సిద్ధమై ఉంది.

4. శిస్తు భాషలో నేల

1317 ఫసలీ, అనగా 1907 నాటి భూమి శిస్తు చట్టం హైదరాబాదు రాజ్యంలో భూమి రికార్డులకు ఆధారం. సేత్వార్, పహాణీ వంటి పత్రాలలో నేల ప్రధానంగా ఖుష్కీ, తరి, బాఘాత్ అనే తరగతులుగా కనిపిస్తుంది. మెట్ట, మాగాణి, తోట అని వీటికి తెలుగు సమానార్థకాలు. పంట ఏది, నీరు ఎక్కడిది, శిస్తు ఎంత అన్నవే ఈ వర్గీకరణకు ప్రాతిపదికలు. ఇల్లు కట్టడానికి నేల తగునా అన్న ప్రశ్న అందులో లేదు. ఉండవలసిన అవసరమూ ఆనాడు లేదు.

ఈ పదజాలంలో రెండు మాటలు మన చర్చకు ముఖ్యమైనవి. మొదటిది పోట్ ఖరాబు. ఒక సర్వే నంబరులో సాగుకు పనికిరాని బండ, బాట, కాలువ వంటి భాగాన్ని శిస్తు నుంచి మినహాయించి ఇలా రాసేవారు. రెండవది శిఖం. చెరువులో నీరు నిలిచే జాగాకు ఇది పేరు. నీరు తగ్గిన నెలలలో ఆ నేలలో పంట వేసుకొనే ఆచారం ఉండేది. కొన్నిచోట్ల దానికి వ్యక్తుల పేరిట పట్టాలు కూడా ఉన్నాయి. అదే శిఖం పట్టా. ఆ పట్టా నీరు లేనప్పుడు దున్నుకొనే హక్కును ఇస్తుంది గాని, నీటిని రాకుండా చేసే హక్కును ఇవ్వదు.

నగరం విస్తరించిన కొద్దీ ఈ రెండు మాటల విలువలు తలకిందులయ్యాయి. సేద్యానికి పనికిరాని బండనేల, వరద ఎక్కని ఎత్తైన చోటు కావడం వల్ల నివాసానికి శ్రేష్ఠమైనదైంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల చరిత్ర ఇందుకు నిదర్శనం. చెరువు కింది ఆయకట్టు, చెరువులోని శిఖం సేద్యానికి శ్రేష్ఠమైనవి. నివాసానికి అవి అత్యంత ప్రమాదకరమైనవి. అయితే అవి చదునుగా ఉంటాయి, గుట్టను పగలగొట్టే ఖర్చు ఉండదు, వెల తక్కువ. అందువల్ల సంపన్నులు ఎత్తుకు, అల్పాదాయ వర్గాలు పల్లానికి చేరడం ఈ నగరంలో స్థిరపడిన క్రమం. రెవెన్యూ రికార్డులో 'పట్టా' అన్న ఒక్కమాట ఉంటే, అది ఏ రకం పట్టా అని అడగకుండానే కొనుగోళ్లు సాగాయి.

1949లో జాగీర్ల రద్దు, సర్ఫ్-ఎ-ఖాస్ భూముల విలీనం జరిగాయి. 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఆ మార్పుల తరువాతి హక్కులకు నేటికీ న్యాయస్థానాలలో ప్రస్తావించే పత్రం. అనేక వ్యాజ్యాలలో నేల భవితవ్యం ఇప్పటికీ ఆ పత్రంలోని ఒక గడిలో ఉన్న మాట మీద ఆధారపడుతుంది. సాగుదారుని గుర్తించడానికి తయారైన పత్రం నగర భూలభ్యతకు సాక్ష్యమైంది.

స్థలనామాలు మరొక రకం పత్రాలు. నల్లకుంట, బతుకమ్మకుంట, మాసాబ్ ట్యాంక్ వంటి పేర్లు పల్లపు నేలను, నీటి ఉనికిని సూచిస్తాయి. మాసాబ్ ట్యాంక్ అన్నది 'మా సాహెబా' పేరిట ఉన్న చెరువునుంచి వచ్చిందని ప్రసిద్ధి. కంచ అనే మాట పశువుల మేతకు కాపాడిన గడ్డినేలను తెలుపుతుంది. పహాణీలో గడి మారవచ్చు. జనవ్యవహారంలోని పేరు అంత తొందరగా మారదు.

5. 'ఖాళీ భూమి' ఎవరు నిర్ణయించాలి?

1975లో రాష్ట్ర పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, దాని కింద హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ వచ్చాయి. ఆ వెంటనే 1976 ఫిబ్రవరి 17న కేంద్ర పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం అమలులోకి వచ్చింది. మొదటగా దీనిని స్వీకరించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు 'బి' తరగతిలో ఉండడం వల్ల ఇక్కడ ఒక వ్యక్తి ఉంచుకోదగిన ఖాళీ భూమి 1,000 చదరపు మీటర్లు. అంతకు మించినదాన్ని యజమానులే ప్రకటించాలి. ఆ విధంగా నగరంలో కట్టదగిన ఖాళీ నేల ఎంతో చట్టం ద్వారా లెక్క తేల్చే ప్రయత్నం మొదలైంది.

ఈ చట్టంలో 'ఖాళీ భూమి'కి ఇచ్చిన నిర్వచనం సూక్ష్మంగా పరిశీలించదగినది. ప్రధానంగా వ్యవసాయానికి వాడే భూమి ఖాళీ భూమి కాదు. భవన నియమాల ప్రకారం నిర్మాణానికి అనుమతి లేని భూమి కూడా ఖాళీ భూమి కాదు. కాబట్టి కంటికి ఖాళీగా కనిపించే నేల చట్టం దృష్టిలో ఖాళీ కాకపోవచ్చు. రెవెన్యూ రికార్డులో వ్యవసాయమని రాసి ఉన్నా, బృహత్ ప్రణాళికలో వేరొక ప్రయోజనానికి కేటాయించి ఉంటే ఆ నేలను వ్యవసాయ భూమిగా పరిగణించరాదని కూడా చట్టం చెప్పింది. రెండు రికార్డుల మధ్య వైరుధ్యం వచ్చినపుడు పహాణీ మీద ప్రణాళికా పటానిది పైచేయి అయింది.

చట్టం అమలైన తరువాత తయారైన ప్రణాళికకు కూడా ఆ పైచేయి ఉంటుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1993లో ఒక తీర్పు ఉండదని చెప్పగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న మరొక వ్యాజ్యంలో విస్తృత ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. దీని పర్యవసానం స్పష్టం. ప్రణాళికాకర్త పటం మీద రంగు మార్చినపుడు నగరంలోని ఖాళీ భూమి పరిమాణం కూడా మారుతుంది. నేల మీద ఒక్క గజం కూడా కదలకుండానే ఈ మార్పు జరుగుతుంది.

ప్రకటించిన లెక్కకు, చేతికి వచ్చిన నేలకు మధ్య దూరం ఎంతో దేశవ్యాప్త గణాంకాలు చూపాయి. సుమారు 2,20,000 హెక్టార్ల భూమి మిగులుగా తేలగా, ప్రభుత్వాలు స్వాధీనం చేసుకొన్నది సుమారు 19,000 హెక్టార్లు మాత్రమే. ప్రజాప్రయోజనం లేదా యజమాని కష్టం పేరిట మినహాయింపులిచ్చే 20వ సెక్షను, ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యాలు ఇందుకు ముఖ్య కారణాలు. కేంద్రం 1999లో చట్టాన్ని రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును 2008 మార్చిలో స్వీకరించింది. నిర్మాణానికి తగిన భూమి వేరు, అందుబాటులోకి వచ్చే భూమి వేరు అన్న పాఠం ఈ మూడు దశాబ్దాల అనుభవంలో దొరికింది.

6. ఎనభై నాలుగు గ్రామాలు

నగర చరిత్రలో తీసివేతను బహిరంగంగా ప్రకటించిన గొప్ప సందర్భం 1996 మార్చి 8 నాటి జి.ఓ. 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరిరక్షణ కోసం 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను ఇది నిషేధించింది. పరీవాహక ప్రాంతంలో 90 శాతం నేలను వ్యవసాయానికి, విహారస్థలాలకు ఉంచాలన్నది. ఆ గ్రామాల మొత్తం విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు. ఆ పరిధిలో ఒక పరిశ్రమకు ఇవ్వజూపిన మినహాయింపు వ్యవహారంలో సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల తీర్పులలో ముందుజాగ్రత్త సూత్రాన్ని బలంగా సమర్థించింది.

ఈ ఉత్తర్వు ఆధారం తాగునీటి స్వచ్ఛత. వరద నివారణ అన్న మొదటి ఉద్దేశం దాని వాదనలో వెనుకకు వెళ్లింది. ఆ లోపం పాతికేళ్ల తరువాత బయటపడింది. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరాక, జంట జలాశయాలపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన జి.ఓ. 69 షరతులతో ఆంక్షలను సడలిస్తూ, నగర నీటి సరఫరాలో వాటి వాటా 1.25 శాతం కంటే తక్కువేనన్న విషయాన్ని ప్రస్తావించింది. 2023 మేలో మంత్రివర్గం జి.ఓ. 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది.

తాగునీరే ప్రాతిపదిక అయితే ఈ వాదన అసంగతం కాదు. 1909 నాటి ప్రాతిపదికను గుర్తుచేసుకొంటే మాత్రం ప్రశ్న మారుతుంది. ఆ జలాశయాల ఎగువ నేల మీద కాంక్రీటు పరచుకొంటే వాన నీరు ఇంకే చోటు తగ్గి, జలాశయాలకు చేరే ప్రవాహపు వేగం పెరుగుతుంది. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినపుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి ప్రవేశించింది. తాగునీటి వాటాను మాత్రమే చూసే లెక్కలో ఈ సంఘటనకు చోటు లేదు. ఒక నేలను నిర్మాణయోగ్యం కాదని ఎందుకు నిర్ణయించారో ఆ కారణం రికార్డులో సమగ్రంగా లేకపోతే, కారణాలలో ఒకటి తొలగినపుడు మిగిలినవన్నీ తొలగినట్లే పరిగణించే ప్రమాదం ఉన్నది.

7. తీసివేయని నీరు

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం కురిసింది. ఆ తరువాత కిర్లోస్కర్ సంస్థ ఇచ్చిన నివేదిక నాలాల ఆక్రమణలను, వాటిని వెడల్పు చేయవలసిన అవసరాన్ని చర్చించింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2012 నాటి జి.ఓ. 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు నిర్మాణరహితంగా ఉండాలి. తీసివేత నియమం కాగితం మీద ఇప్పుడు స్పష్టంగానే ఉంది.

అయితే ఆ 30 మీటర్లు ఎక్కడినుంచి కొలవాలి? పూర్తి నీటిమట్టపు గీతనుంచి. ఆ గీత నిర్ణయం ఆలస్యమైన చెరువుల చుట్టూ లేఅవుట్లు ముందే వచ్చాయి. శిఖం నేల సంవత్సరంలో కొన్ని నెలలు పొడిగానే ఉంటుంది. వేసవిలో చూసినవారికి అది మైదానం, వానకాలంలో చూసినవారికి చెరువు. భూమిని ఏడాది పొడవునా ఒకే స్థితిలో ఉండే వస్తువుగా భావించే గణన ఈ రెండవ స్థితిని పట్టుకోలేదు. ఆయకట్టులో సేద్యం ఆగిపోయాక చెరువును కాపాడుకోవలసిన రైతు లేకుండా పోయాడు. నీరు రాని నాలుగైదేళ్లు దానిని ఖాళీ భూమిగా మార్చడానికి సరిపోయాయి.

2020 అక్టోబరు వరదలలో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ శివారు కాలనీలు మునిగాయి. 1908లో ఎగువ చెరువుల గండ్లు నగరాన్ని ముంచితే, 2020 నాటికి నగరమే చెరువుల కిందికి, చెరువులలోకి చేరింది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా చెరువుల పూర్తి నీటిమట్టం పరిధిలోని నిర్మాణాల తొలగింపును చేపట్టింది. రిజిస్ట్రేషను పత్రం, అనుమతి పత్రం, బ్యాంకు రుణం అన్నీ ఉన్న కుటుంబాలు కూడా తమ ఇల్లు నీటి జాగాలో ఉన్నదని అప్పుడు తెలుసుకొన్నాయి. తీసివేత లేఅవుట్‌కు ముందు జరిగితే అది పటం మీద ఒక గీత. తరువాత జరిగితే ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు.

నేల చాలదన్న వాదనను కూడా ఇక్కడ పరిశీలించాలి. 2006 మార్చిలో జి.ఓ. 86 నగరంలో నేల విస్తీర్ణాన్నిబట్టి అంతస్తుల వైశాల్యాన్ని పరిమితం చేసే నిష్పత్తిని తొలగించింది. 2008లో ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ పరిధి 7,000 చదరపు కిలోమీటర్లకు మించినది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కొత్త ప్రాంతాలను అందుబాటులోకి తెచ్చింది. నిలువుగాను, అడ్డంగాను పెరిగే వీలు ఇంతగా కలిగిన నగరంలో చెరువు నేలలోకి నిర్మాణాలు వెళ్లడానికి భూమి కొరత ఒక్కటే కారణమని చెప్పడం కష్టం. చౌకగా దొరికే నేల కొరత, హక్కు స్పష్టంగా ఉన్న నేల కొరత అసలు కారణాలు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• హైదరాబాదులో నిర్మాణయోగ్య భూమి పరిమాణం స్థిరమైన సంఖ్యగా ఎన్నడూ లేదు. శిస్తు చట్టం, గరిష్ఠ పరిమితి చట్టం, ప్రభుత్వ ఉత్తర్వులు ఒక్కొక్కటి తమ నిర్వచనం మేరకు దానిని కొత్తగా తయారుచేశాయి.

• సేద్యపు విలువను తెలిపే రెవెన్యూ పదాలు, నగరీకరణలో తమ మూల ప్రయోజనాన్ని కోల్పోయి హక్కు పత్రాలుగా మాత్రమే మిగిలాయి. శిఖం పట్టా అన్న సమాసంలో 'శిఖం' మరుగునపడి 'పట్టా' నిలిచింది.

• 1909 నాటి దృష్టి పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకొంది. తరువాతి లెక్కలు పాలనా సరిహద్దును యూనిట్‌గా తీసుకొన్నాయి. నీరు ఈ రెండవ సరిహద్దును పాటించదు.

• ఒక నేలను మినహాయించినపుడు ఆ మినహాయింపునకు గల కారణాలన్నీ రికార్డులో ఉండాలి. జి.ఓ. 111 అనుభవం ఈ ఆవశ్యకతను తెలియజేస్తుంది.

రాబోయే ప్రణాళికలకు ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ పటాలు ఎంతో సూక్ష్మమైన కొలతలనిస్తాయి. వాటికి సేత్వార్, ఖాస్రా పహాణీలలోని పదాల అర్థనిర్ణయాన్ని, గ్రామవృద్ధుల నోట మిగిలిన కుంటల పేర్లను జోడించడం అవసరం. ఈ పనికి ఫార్సీ, ఉర్దూ, తెలుగు రెవెన్యూ పరిభాష తెలిసిన పరిశోధకులు కావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు స్థలనామ పరిశోధనను చెరువుల పటాలతో అనుసంధానిస్తే, కట్టదగిన నేల ఎంత అన్న ప్రశ్నకు ముందు కట్టకూడని నేల ఏది అన్న ప్రశ్నకు ఆధారసహితమైన సమాధానం లభిస్తుంది. ఆ సమాధానం ఇల్లు కొనేముందే కొనేవాడి చేతికి అందినప్పుడు ఈ పరిశోధనకు సార్థకత.